వినిపించని కారు తలుపు

తమిళనాడు సరిహద్దు ఊరు గుడియాత్తంలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకునే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ ఊరూ, వేలూరూ, చిత్తూరూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే. ఒక భాషలో పేలిన చమత్కారం రెండో భాషలోకి వచ్చేసరికి ఎలా చప్పబడిపోతుందో అక్కడివాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. మాట సాయం లేకుండా నవ్వించే విద్య ఎంత కష్టమో, ఎంత దూరం పోగలదో తెలుసుకోవడానికి అలాంటి సరిహద్దు ఊళ్ళే సరైన చోటు.

దక్షిణాదిలో మొదటి మూకీ కథాచిత్రం తీసిన మనిషి వేలూరువాడే. ఆర్. నటరాజ మొదలియారు 1885లో అక్కడ పుట్టాడు. మద్రాసులో మోటారు విడిభాగాల వ్యాపారం చేస్తూనే పూనా వెళ్ళి స్టీవర్ట్ స్మిత్ అనే తెల్లదొర దగ్గర కెమెరా పని నేర్చుకున్నాడు. 1917-18 ప్రాంతంలో ‘కీచక వధం’ తీశాడు. దానికి తమిళం, ఇంగ్లీషు, హిందీ అక్షరాల కార్డులు వేశారు. చదువురాని వాళ్ళకు ఆ కార్డులతో పని లేదు. వేలూరు, చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర ఏటా జరిగే భారతం ఉత్సవాల్లో వాళ్ళు చిన్నప్పట్నించీ చూస్తున్న కథే అది. ఆ సినిమా కాపీ ఒక్కటి కూడా మిగలకపోవడం మనందరికీ నష్టం.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో చార్లీ చాప్లిన్ మూకీ హాస్యాన్ని శిఖరానికి ఎక్కిస్తున్నాడు. 1889లో లండన్‌లో పుట్టి, ఏడేళ్ళ వయసుకే నిరుపేదల వర్క్‌హౌస్‌లో చేరిన పిల్లవాడు. ఫ్రెడ్ కార్నో నాటక బృందంలో రాటుదేలి, 1914లో కీస్టోన్ కంపెనీ చిత్రాల్లో బుల్లి మీసం, బిగుతు కోటు, వదులు ప్యాంటు, చేతికర్రతో దేశదిమ్మరి వేషం కట్టాడు. రెండేళ్ళు తిరిగేసరికి మ్యూచువల్ కంపెనీ అతనికి ఏడాదికి 6,70,000 డాలర్లు ఇచ్చింది.

అంత డబ్బు దేనికిచ్చారో తెలియాలంటే ‘సిటీ లైట్స్’లో ఒక్క సన్నివేశం చూస్తే చాలు. పూలమ్మే గుడ్డిపిల్ల ఈ దిమ్మరిని ధనవంతుడని పొరబడాలి. ఎలా పొరబడుతుంది? మాటల సినిమా అయితే ఒక్క డైలాగుతో సరి. చాప్లిన్‌కు ఆ దారి లేదు. చివరికి దొరికిన ఉపాయం ఇది: రోడ్డు దాటడానికి దిమ్మరి ఆగి ఉన్న కారులోకి ఒక పక్కనుంచి ఎక్కి రెండో పక్క దిగి, తలుపు వేస్తాడు. ఆ చప్పుడు విన్న పిల్ల పువ్వు చాపుతుంది. అతను నాణెం ఇస్తాడు. ఆమె చిల్లర వెతుకుతుండగా అసలు యజమాని వచ్చి కారెక్కి వెళ్ళిపోతాడు. దొర చిల్లర అక్కర్లేదని వెళ్ళిపోయాడనుకుంటుంది ఆ పిల్ల. ఇతను మునివేళ్ళ మీద నడిచి పక్కన కూర్చుంటాడు. ఆమె పూలకుండీ కడిగి, ఆ నీళ్ళు తెలియక అతని మొహాన కొడుతుంది. కళ్ళు చెమర్చేలోపే నవ్వొస్తుంది. తలుపు చప్పుడు మనకు వినిపించదు, అయినా విన్నట్టే ఉంటుంది. ఈ ఒక్క సన్నివేశానికి చాప్లిన్ 342 టేకులు తీశాడంటారు.

ఆ సినిమా 1931 జనవరిలో వచ్చింది. అప్పటికి హాలీవుడ్ అంతా టాకీల బాట పట్టింది. అదే ఏడాది అక్టోబరులో మద్రాసులో హెచ్.ఎం. రెడ్డి ‘కాళిదాస్’ విడుదలైంది. ఒకే సినిమాలో తమిళం, తెలుగు కలగలిపి మాట్లాడారు, గుడియాత్తం సంతలో వినిపించినట్టే. మరుసటి ఏడాది ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు టాకీ దారి వేరైంది.

మూకీల రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పే వ్యాఖ్యాతలు ఉండేవాళ్ళు. ఆ పని చేసిన కస్తూరి శివరావు తర్వాత తెలుగు తెరకు పెద్ద హాస్యనటుడయ్యాడు. కె.వి. రెడ్డి 1949లో అతన్ని ‘గుణసుందరి కథ’లో నాయకుణ్ణి చేశాడు. ఆ కె.వి. రెడ్డి దగ్గరే సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు, 1987లో ఒక్క మాటా లేకుండా ‘పుష్పక విమానం’ తీశాడు. కమల్‌హాసన్, అమల, టీనూ ఆనంద్ నటించిన ఈ సినిమాకు నిర్మాత శృంగార్ నాగరాజ్. చిత్రీకరణ బెంగళూరులో జరిగింది. ఉత్తమ వినోదాత్మక చిత్రంగా జాతీయ పురస్కారమూ వచ్చింది.

ఇది మూకీ కాదు. మాటలు లేవు గానీ శబ్దాలన్నీ ఉన్నాయి. చాప్లిన్ వినిపించని చప్పుడుతో చేసిన పని, సింగీతం వినిపించే చప్పుడుతో చేశాడు. సినిమా హాలు పక్కన ఇరుకు గదిలో బతికిన నిరుద్యోగి, దొంగదారిన దొరికిన పెద్ద హోటలు గదిలో ఆ నిశ్శబ్దానికి నిద్రపట్టక కొట్టుకుంటాడు. వెళ్ళి సినిమా హాలు రొద టేపురికార్డరులో ఎక్కించుకొచ్చి, పక్కన పెట్టుకొని హాయిగా నిద్రపోతాడు. పేదరికం మనిషి ఒంట్లోకి ఎంతగా ఇంకిపోతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి దృశ్యం తెలుగువాళ్ళెవరూ తీయలేదు. అదే సినిమాలో హంతకుడి మంచుకత్తి కరిగిపోయే హాస్యం కన్నా ఇదే గొప్పది.

ఇంకొకటి కూడా ఉంది. పి.ఎల్. నారాయణ వేసిన బిచ్చగాడు రోడ్డు మీద చనిపోతాడు. అతను దాచుకున్న నోట్లు బయటపడగానే జనం ఎగబడతారు, శవాన్ని పట్టించుకున్నవాడు లేడు. ఇందాకటిదాకా నవ్విన హాలు ఇక్కడ నోరు మూసుకుంటుంది. చాప్లిన్ అయితే ఇక్కడ కాస్త జాలి కలిపేవాడు, సింగీతం కలపలేదు. అదే సరైనదనిపిస్తుంది.

మాట లేకుండా నవ్వించే ఈ విద్య ఇప్పుడు సినిమాల్లో తగ్గింది, ఫోన్లలో పెరిగింది. బ్రహ్మానందం కనుబొమ్మ ఎత్తిన బొమ్మ, తమిళ హాస్యనటుడు వడివేలు బిత్తరపోయిన బొమ్మ డైలాగులు ఊడిపోయి వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. వేలూరులో తమిళ పిల్లలు బ్రహ్మానందాన్నీ, తెలుగు పిల్లలు వడివేలునూ పంపుకోవడానికి అనువాదం అక్కర్లేదు.