పదకొండు బంతుల వార్త

మోసం చేసి గెలిచారన్న ఆరోపణ వచ్చినప్పుడు, దానిని నమ్మడానికి పాఠకుడు ముందే సగం సిద్ధమై ఉంటాడు. ఒకే జట్టు ఏళ్ల తరబడి గెలుస్తూ ఉంటే, ఆ గెలుపుకు శ్రమ, వ్యూహం, ప్రతిభ అన్న కారణాలు చాలవనిపించి, ప్రత్యర్థులూ వారి అభిమానులూ కంటికి కనిపించని మరో కారణం కోసం వెతుకుతారు. ఆ వెతుకులాటలో ఉన్నవారికి క్రీడా విలేకరి ఒక్క వాక్యం అందిస్తే చాలు, దాని వెనుక ఉన్న ఆధారం ఏపాటిదని అడిగేవారు అరుదు. ఈ వారం ఒక క్రీడా పేజీలో, అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు గత వైభవాన్ని తలచుకున్న కథనం మధ్యలో, ఆ జట్టు వాడిన పన్నెండు బంతుల్లో పదకొండింటిలో రెండేసి పౌండ్ల పీడనం తక్కువగా ఉందన్న మాట, 2015లోనే తప్పని తేలిన మాట, ఏ సవరణా లేకుండా మళ్లీ అచ్చయింది. ఆరోపణ ఎంత పెద్ద అక్షరాల్లో, ఏ పేజీలో వచ్చిందో సవరణ కూడా అంతే పెద్దగా, అదే పేజీలో రావాలని ఈ శీర్షిక ఎన్నోసార్లు వాదించిన సంగతి క్రమం తప్పని పాఠకులకు తెలుసు. ఆ వాదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదని మొదట అనిపిస్తుంది.

అమెరికన్ ఫుట్‌బాల్ పేరుకు ఫుట్‌బాలే అయినా, కొసలు సన్నగా ఉండే తోలు బంతిని చేత్తో విసిరి, పట్టి, ఎదుటి జట్టు గీత దాకా మోసుకుపోయే ఆట. అక్కడి వృత్తి క్రీడాకారుల లీగ్ పేరు ఎన్‌ఎఫ్‌ఎల్, దాని ఆఖరి పోరు సూపర్ బౌల్. శిక్షకుడు బిల్ బెలిచిక్, బంతిని విసిరే ప్రధాన ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, అయిన టామ్ బ్రేడీల హయాంలో పేట్రియట్స్ 2002 నుంచి 2019 మధ్య ఆరుసార్లు సూపర్ బౌల్ గెలిచింది. ఆ జట్టు నిజంగానే ఒకసారి నిబంధన ఉల్లంఘిస్తూ పట్టుబడింది కూడా. 2007 సెప్టెంబరు 9న న్యూయార్క్ జెట్స్‌తో ఆడుతున్నప్పుడు, ప్రత్యర్థి శిక్షకులు తమ ఆటగాళ్లకు చేతులతో చేసే సంజ్ఞలను అనుమతి లేని చోటు నుంచి వీడియో తీస్తూ ఆ జట్టు ఉద్యోగి దొరికిపోయాడు. లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్ బెలిచిక్‌కు 5 లక్షల డాలర్లు, జట్టుకు 2.5 లక్షల డాలర్లు జరిమానా వేసి, మరుసటి ఏడాది కొత్త ఆటగాళ్ల ఎంపికలో తొలి విడత అవకాశాన్ని తీసేశాడు. దీనిని మరుగుపరచి ఆ జట్టును నిర్దోషిగా నిలబెట్టడం ఎవరికీ సాధ్యం కాదు, అవసరమూ లేదు. అయితే రుజువైన ఈ ఒక్క తప్పు, ఆ తరువాత వచ్చిన ప్రతి వదంతికీ హామీ సంతకంలా పనిచేసింది.

వాటిలో మొదటిది 2008 ఫిబ్రవరి 2న వచ్చింది. అప్పటికి వరసగా 18 ఆటలు గెలిచి, ఆ సీజన్‌లో ఓటమి ఎరుగని పేట్రియట్స్ మర్నాడు న్యూయార్క్ జెయింట్స్‌తో సూపర్ బౌల్ ఆడవలసి ఉండగా, ఆ జట్టు సొంత ఊరి పత్రికే అయిన బోస్టన్ హెరాల్డ్ ఒక సంచలన వార్త ప్రచురించింది. 2002లో సెయింట్ లూయిస్ రామ్స్‌ను 20-17తో ఓడించి తొలి సూపర్ బౌల్ గెలిచిన పేట్రియట్స్, ఆ ఆటకు ముందురోజు రామ్స్ జట్టు చేసిన 'వాక్‌త్రూ'ను రహస్యంగా వీడియో తీసిందని దాని సారాంశం. వాక్‌త్రూ అంటే, రక్షణ తొడుగులు లేకుండా, పరుగులూ ఢీకొట్టడాలూ లేకుండా, మర్నాటి ఎత్తుగడలను ఆటగాళ్లు మెల్లగా నడిచి సరిచూసుకునే సాధన. ప్రత్యర్థికి అది చిక్కిందంటే పరీక్షకు ముందే ప్రశ్నపత్రం బయటపడినట్లే. వార్త వచ్చిన మర్నాడు పేట్రియట్స్ 17-14తో ఓడిపోయింది. మే 13న, ఒకప్పుడు ఆ జట్టు వీడియో విభాగంలో పనిచేసిన మాట్ వాల్ష్ కమిషనర్‌ను కలిసి, అటువంటి టేపు లేదని చెప్పాడు. మే 14న హెరాల్డ్ తన మొదటి పేజీలోనూ చివరి పేజీలోనూ పెద్ద అక్షరాలతో క్షమాపణ వేసి, వార్త అబద్ధమని ఒప్పుకుంది. రెండు రోజుల తరువాత ఆ వార్త రాసిన విలేకరి తన పొరపాటు ఎలా జరిగిందో సొంత పేరుతో వివరంగా రాశాడు.

ఆ వివరణలో వృత్తికి పనికివచ్చే సంగతి ఒకటి ఉంది. ఆయన చేతిలో ఉన్న సమాచారం మొత్తం కల్పన కాదు. రామ్స్ సాధన చేస్తున్న వేళ పేట్రియట్స్ వీడియో సిబ్బంది మర్నాటి ఆట కోసం పరికరాలు అమర్చుకుంటూ మైదానంలోనే ఉన్నారన్నది నిజం. వారు అక్కడ ఉన్నారని ఒక చెవిన పడింది, వారు వీడియో తీశారన్న వదంతి మరో చెవిన పడింది, రెండూ కలిసి అచ్చులో ఒకే వాక్యమయ్యాయి. టేపును ఆయన చూడలేదు. విలేకరి వృత్తిలో ఉన్నవారికి ఈ జారుడు కొత్తది కాదు. గడువు దగ్గరపడుతుండగా, పోటీ పత్రిక ముందే వేసేస్తుందేమోనన్న బెంగతో, 'ఉన్నారు' అన్నది 'తీశారు'గా మారడానికి ఒక్క సాయంత్రం చాలు.

ఇక పదకొండు బంతుల వార్త. 2015 జనవరి 18న మసాచుసెట్స్‌లోని ఫాక్స్‌బరోలో పేట్రియట్స్ 45-7తో ఇండియానాపొలిస్ కోల్ట్స్‌ను చిత్తు చేసి సూపర్ బౌల్‌కు అర్హత సాధించింది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్రతి జట్టు తాను దాడికి దిగినప్పుడు తన సొంత బంతులనే వాడుతుంది. వాటిలో గాలి పీడనం చదరపు అంగుళానికి 12.5 నుంచి 13.5 పౌండ్ల మధ్య ఉండాలి. గాలి కొంచెం తగ్గిన బంతి చేతికి మెత్తగా అమరుతుంది, చలిలో, వానలో పట్టు దొరుకుతుంది. మొదటి అర్ధభాగంలో పేట్రియట్స్ బంతి ఒకటి కోల్ట్స్ చేతికి చిక్కడంతో అనుమానం పుట్టి, విరామంలో మిగిలిన పదకొండు బంతుల పీడనాన్ని అధికారులు కొలిచారు. జనవరి 20న, లీగ్ వర్గాలను ఉటంకిస్తూ, క్రీడా ఛానల్ ఈఎస్‌పీఎన్‌లో అనుభవజ్ఞుడైన విలేకరి క్రిస్ మోర్టెన్‌సెన్ ప్రకటించిన వార్త ఇదే: పన్నెండింటిలో పదకొండు బంతులు రెండేసి పౌండ్లు తక్కువ. రెండు పౌండ్లంటే ప్రకృతి తీసేసే గాలి కాదు, మనిషి చెయ్యి పడితే తప్ప జరగనిది. ఒక్క అంకెతో అనుమానం తీర్పుగా మారిపోయింది.

అసలు కొలతలు మే 6న, లీగ్ నియమించిన న్యాయవాది టెడ్ వెల్స్ సమర్పించిన 243 పేజీల నివేదికలో తొలిసారి బయటికి వచ్చాయి. ఇద్దరు అధికారులు రెండు వేర్వేరు గేజీలతో ఆ పదకొండు బంతులనూ కొలిచారు. ఒక గేజీ సగటు 11.49, మరోదాని సగటు 11.11. మొత్తం ఇరవై రెండు కొలతల్లో రెండు పౌండ్ల లోటు చూపింది ఒకే ఒక్కటి, 10.50. అది కూడా ఒక గేజీ మీదనే. అదే బంతి రెండో గేజీ మీద 10.90 చూపింది. వెచ్చని గదిలో 12.5 పౌండ్లకు నింపిన బంతిని దాదాపు 9 డిగ్రీల సెల్సియస్ చలిలోకి తీసుకుపోతే, ఏ చెయ్యీ పడకుండానే పీడనం ఒక పౌండుకు పైగా తగ్గుతుంది, ఎందుకంటే మూసి ఉన్న వాయువు చల్లబడిన కొద్దీ దాని పీడనం పడిపోతుంది. లీగ్ తరఫు శాస్త్రజ్ఞులే ఆ పరిస్థితుల్లో 11.32 నుంచి 11.52 వరకు ఉండవచ్చని లెక్కకట్టారు. అంటే ఒక గేజీ ప్రకారం సగటు లోటును చలి వివరించగలదు, మరోదాని ప్రకారం వివరించలేదు. ఆటకు ముందు బంతులను పరీక్షించిన రిఫరీ ఆ అంకెలను కాగితం మీద రాసుకోలేదు. ఏ గేజీ వాడారన్న దానిపై ఆయన జ్ఞాపకం ఒకటి చెబుతుండగా, నివేదిక మరొకటి నిర్ణయించింది. కోల్ట్స్ బంతుల్లో నాలుగింటినే, అదీ అవి గదిలో మరికొంతసేపు వెచ్చబడిన తరువాత కొలిచారు, అంతలో విరామం ముగిసింది. ఆ నాలుగింటిలో మూడు ఒక గేజీ మీద 12.5కు దిగువనే ఉన్నాయి.

ఇంత తడబాటు నిండిన కొలతల నుంచి 'పదకొండు, రెండేసి' అన్న నున్నని అంకె ఎలా పుట్టిందో ఇప్పటికీ తేలలేదు. ఆట మర్నాడే లీగ్ అధికారి ఒకరు పేట్రియట్స్ క్లబ్‌కు పంపిన లేఖలో ఒక బంతి 10.1 పౌండ్లే ఉందని, కోల్ట్స్ బంతులన్నీ నిబంధనకు లోబడే ఉన్నాయని రాశాడు, రెండూ తప్పే. తప్పుడు అంకెను బహిరంగంగా సరిదిద్దమని క్లబ్ న్యాయవాదులు ఫిబ్రవరిలోనే లీగ్‌కు రాసిన లేఖలను క్లబ్ జూలై చివరలో ప్రచురించింది. నిజమైన అంకెలు లీగ్ చేతిలోనే ఉన్నా, మూడున్నర నెలల పాటు దేశమంతా తప్పుడు అంకె మీదనే వాదించుకుంది. మరోవైపు, క్లబ్ ఉద్యోగి ఒకడు ఆటకు ముందు బంతుల సంచితో మరుగుదొడ్డిలో 100 సెకన్లు గడపడం, తనను తాను 'డిఫ్లేటర్' అని చెప్పుకున్న అతని సందేశం, బ్రేడీ తన ఫోన్‌ను నాశనం చేయించడం కూడా రికార్డుకెక్కిన వాస్తవాలే. వెల్స్ సైతం మోసం జరిగి ఉండడానికే అవకాశం ఎక్కువ అన్నాడే తప్ప జరిగిందని అనలేదు. బ్రేడీకి పడిన నాలుగు ఆటల నిషేధాన్ని 2015 సెప్టెంబరులో ఒక న్యాయమూర్తి కొట్టివేయగా, 2016 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 2-1 తీర్పుతో పునరుద్ధరించింది.

ఈ రెండు వార్తలనూ పక్కపక్కన పెట్టిన చాలామంది, హెరాల్డ్ వార్తకు దిక్కుమొక్కూ లేదని, ఈఎస్‌పీఎన్ వార్తకు కనీసం లీగ్ లోపలి మనిషి ఉన్నాడని తేడా చూపుతారు. విషయం లోతుగా చూసినప్పుడు ఈ తూకం తలకిందులవుతుంది. హెరాల్డ్ విలేకరి తన ఊహకు తానే బలైపోయాడు. ఆ ఊహను ఎవరూ ఆయన చేత పలికించలేదు. రెండో సందర్భంలో, విచారణ జరిపి శిక్ష వేయవలసిన సంస్థ లోపలి నుంచే ఆరోపణ బయటికి వచ్చి, విలేకరి పేరుమీద చలామణీ అయింది. సమాచారమిచ్చిన వర్గం ఎంత ఉన్నతమైనదైతే విలేకరి అంత తక్కువగా ప్రశ్నించడం క్రీడల్లోనే కాదు, పోలీసు వార్తల్లోనూ, సచివాలయపు వార్తల్లోనూ ఉన్న అలవాటే. ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు, ఎన్నిసార్లు కొలిచారు, ఎదుటి జట్టు బంతులు ఎంత చూపాయి అన్న నాలుగు ప్రశ్నలు ఆ రాత్రే అడిగి ఉంటే ఆ అంకె నిలిచేది కాదు.

అజ్ఞాత వర్గాలను వాడకూడదన్న తీర్మానం దీని నుంచి వెలువడదు. 2018 నవంబరులో జర్మన్ వారపత్రిక డెర్ ష్పీగెల్ ఇంగ్లండ్‌లోని సాకర్ జట్టు మాంచెస్టర్ సిటీ ఆర్థిక లావాదేవీలపై, ఒకరు అందించిన పత్రాల ఆధారంగా కథనాలు వేసినప్పుడు, ఆ పత్రాలు ఇచ్చినవాడి అసలు పేరు పాఠకులకు తెలియదు; అయినా ఎవరు ఎవరికి ఏ తేదీన ఏమి రాశారో పత్రాల్లో ఉంది, క్లబ్ కావాలంటే వాక్యం వాక్యం ఖండించవచ్చు. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య ఆ జట్టుపై రెండేళ్ల నిషేధం విధిస్తే, 2020 జూలైలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం దానిని ఎత్తివేసి, 3 కోట్ల యూరోల జరిమానాను కోటికి తగ్గించింది. వాదనకు తావిచ్చిన ఆరోపణ అది. బంతుల అంకె ఆ తావే ఇవ్వలేదు.

ఇక సవరణ పరిమాణం సంగతి. ఆరోపణకు ఇచ్చినంత ప్రాధాన్యంతో సవరణ వేయాలన్న ఈ శీర్షిక వాదానికి భారత ప్రెస్ కౌన్సిల్ నియమావళి కూడా దన్నుగా ఉంది. తప్పును వెంటనే, తగిన ప్రాధాన్యంతో సరిదిద్దాలని అది చెబుతుంది. హెరాల్డ్ సరిగ్గా అదే చేసింది, నిజానికి అంతకంటే ఎక్కువే చేసింది. అయినా ఏడేళ్ల తరువాత, 2015 ఆగస్టులో, పేట్రియట్స్ రామ్స్ సాధనను వీడియో తీసిందన్న మాటను నిజమన్నట్లే మళ్లీ ప్రసారం చేసిన ఈఎస్‌పీఎన్, అర్ధరాత్రి దాటాక క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. రెండు పేజీల నిండా పడిన క్షమాపణను వృత్తిలో ఉన్న సంపాదకులే మరచిపోయినప్పుడు, సవరణ సైజు పెంచితే నష్టం పూడుతుందన్న వాదం బలహీనపడుతుంది. సవరణ పెద్దదిగా ఉండాలనడంలో మార్పు లేదు, అది బాధితుడికి దక్కవలసిన న్యాయం. కానీ పాఠకుల మనసులో పడిన ముద్రను చెరిపే శక్తి దానికి లేదని ఇన్నేళ్ల అనుభవం చెబుతున్నందున, బరువంతా అచ్చుకు ముందు గంటల మీదనే వేయక తప్పదు. 2008 ఫిబ్రవరి 1 రాత్రి బోస్టన్‌లో ఆ టేపును ఎవరు చూశారని డెస్కులో ఎవరైనా ఒక్కరు పట్టుబట్టి అడిగి ఉంటే, మర్నాటి పత్రికలో పేట్రియట్స్ వీడియో సిబ్బంది రామ్స్ సాధన వేళ మైదానంలో ఉన్నారన్న చిన్న వార్త, నిజమైన వార్త, లోపలి పేజీలో ఒక కాలమ్‌లో వచ్చి ఉండేది.