తిరుగుబాటుకు ముందటి ఊరు

తెలంగాణ సాయుధ పోరాటం నేపథ్యంలో నవల అనగానే తుపాకులు, దళాలు, రజాకార్ల దాడులు కళ్ల ముందు మెదులుతాయి. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ (1969) తెరిచిన పాఠకుడికి ఆ యుద్ధం దొరకదు. కథాకాలం 1938కి ముందు; కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగి పోరాటం రాజుకున్న 1946 ఇంకా దూరంలోనే ఉంది. ఊళ్లో దేశ్‌ముఖు ఉన్నాడు, కరణం ఉన్నాడు, వెట్టి ఉంది. ఆ నవల బలమంతా ఇక్కడే ఉందని నా వాదన. పోరాటం ఎట్లా సాగిందో తెలుసుకోవడానికి పుచ్చలపల్లి సుందరయ్య గ్రంథం ఉంది. పోరాటం ఊహకు కూడా అందని రోజుల్లో మనుషులు ఎట్లా బతికారో, అంత బరువును ఎందుకు మోశారో లోపలి నుంచి చూపించడం మాత్రం నవలకే చేతనవుతుంది.

అందుకు రంగాచార్య ఊళ్లోకి ఒక బయటివాణ్ణి తెచ్చాడు. పాణి అనే సంగీత విద్వాంసుడు ఆంధ్ర ప్రాంతం నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ నిజాం రాజ్యంలోని పల్లెకు వస్తాడు. ఊరివాళ్లు అలవాటుపడి పట్టించుకోవడం మానేసిన ప్రతిదీ అతనికి కొత్తే. గడీలో, అంటే దొర కోటలాంటి ఇంట్లో, ఉన్న వనజనే తీసుకోండి. ఆమె ఆడబాప. దొరసాని కాపురానికి వచ్చేటప్పుడు నగానట్రాతో పాటు అరణంగా పంపే దాసీపిల్లను అట్లా పిలిచేవారు. ఆమెకు పెళ్లి లేదు, చాకిరికి హద్దు లేదు, దొర మాట కాదనే వీలు లేదు. గడీకి అది మర్యాద. పాణి వెంట నడిచే పాఠకుడికి మింగుడుపడని విషయం. 1814లో వాల్టర్ స్కాట్ ‘వేవర్లీ’లో ఒక ఇంగ్లిష్ యువకుణ్ణి స్కాట్లాండ్ కొండల్లోకి పంపి ఈ దారే తొక్కాడు. అటూ ఇటూ చూడగలిగే సామాన్య నాయకుడు చారిత్రక నవలకు ఎందుకు అవసరమో తర్వాత సాహిత్య విమర్శకుడు లూకాచ్ వివరించాడు. రంగాచార్య దానికి మాటతీరును కూడా జోడించాడు. కథనం శిష్ట వ్యావహారికంలో నడుస్తుంది, ఊరి జనం తెలంగాణ యాసలో, ఉర్దూ కలుపుకొని మాట్లాడతారు. ఆ సంభాషణలను పైకి చదివితే ఎవరి గొంతు ఎవరి ముందు అణుగుతుందో చెవికే తెలుస్తుంది.

అయితే పై కులపు పరాయివాడి కళ్లతో చూస్తే దళితుల, లంబాడీల మనసు ఎంత తెలుస్తుందని అడగవచ్చు. ఇది తేలికగా కొట్టిపారేయదగ్గ ఆక్షేపణ కాదు. పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటలు వాళ్ల నోటనే వినడానికి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పుస్తకం రావలసి వచ్చింది. కానీ పాణిని ఉద్ధారకుడిగా చదవడం పొరపాటు. అతను చూపు మాత్రమే. పైగా ఇది ఒంటరి నవల కాదు. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’తో మొదలుపెట్టి, 1961లో కన్నుమూయడంతో ‘గంగు’ దగ్గర ఆగిన పనిని రంగాచార్య అందుకున్నాడు. ‘చిల్లర దేవుళ్లు’లో కనిపించని కదలిక కోసం ఆయనదే ‘మోదుగుపూలు’లోకి, ఆ తర్వాతి కాలం కోసం ‘జనపదం’లోకి వెళ్లాలి.

ఇక ఆ కాలం గడిచిపోయిందిగా, ఇప్పుడు చదివేదేమిటనేవాళ్లు ఇబ్రహీంపట్నం వైపు చూడాలి. జాగీర్లు 1949లో రద్దయ్యాయి, వెట్టిచాకిరి నిషేధ చట్టం 1976లో వచ్చింది. అయినా 1980లలో, రాజధానికి కూతవేటు దూరంలోని ఇబ్రహీంపట్నం పల్లెల్లో, అప్పుకింద చేసే వెట్టి జీతాల నుంచి విడిపించుకోవడానికీ భూమి దక్కించుకోవడానికీ వ్యవసాయ కూలీలు సంఘం కట్టుకోవలసి వచ్చింది. వాళ్లతో కలిసి పనిచేసిన గీతా రామస్వామి ఆ అనుభవాన్ని 2022లో వచ్చిన తన ఇంగ్లిష్ జ్ఞాపకాల్లో రాశారు. ఈ రెండు పుస్తకాల్లో ముందు నవలే చదవమంటాను. చట్టం వచ్చాక కూడా దొర ఎదుట నిలబడి కూలి అడగడానికి ఒక జీతగాడికి ఎంత గుండె కావాలో, గడీ వాకిట్లో కాసేపు నిలబడి వచ్చిన పాఠకుడికే అర్థమవుతుంది.