కౌమార నవలలో స్కిజోఫ్రేనియా: తెనాలి వారసత్వంలో ఒక ఖాళీ

తెలుగు బాలసాహిత్యానికీ, మనోవైజ్ఞానిక నవలకూ తెనాలితో ఉన్న సంబంధం సుప్రసిద్ధం. 1947లో నాగిరెడ్డితో కలిసి ‘చందమామ’ను స్థాపించిన చక్రపాణి తెనాలివారు. 1952 నుంచి 1980లో మరణించేవరకు ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు జన్మస్థలమూ తెనాలే. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా పేరుపొందిన ‘అసమర్థుని జీవయాత్ర’ కర్త గోపీచంద్, తెనాలి పురపాలక సంఘాధ్యక్షులుగా పనిచేసిన త్రిపురనేని రామస్వామి కుమారుడు. పిల్లల కథకూ, పెద్దల అంతరంగ చిత్రణకూ ఒకే ఊరు ఆలవాలమైంది. ఈ రెండింటి నడుమ ఉన్న కౌమార వయస్కుడు, మనసు చెదిరిన దశలో తన కథను తానే చెప్పుకొనే నవలకు మాత్రం ఈ వారసత్వంలో చోటు ఏర్పడలేదు. ఆ ఖాళీ వస్తువుకు సంబంధించినదా, కథన పద్ధతికి సంబంధించినదా అన్నది ఇక్కడ విచార్యం.

స్కిజోఫ్రేనియా అనే పేరును స్విట్జర్లాండ్ వైద్యుడు ఆయిగెన్ బ్లాయిలర్ 1908లో ప్రతిపాదించాడు. ఒకే మనిషిలో ఇద్దరు మనుషులు ఉండటమని లోకం అనుకునేది ఈ వ్యాధి కాదు. ఆలోచన, అనుభూతి, వాస్తవజ్ఞానం పరస్పరం పట్టు తప్పడం దీని లక్షణం. ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎక్కువమందిలో ఇది కౌమారం చివర, యౌవనారంభంలో బయటపడుతుంది. అంటే కళాశాల చదువుల వయసే దీని తొలి రంగస్థలం. కనుక ఈ వస్తువును కౌమార సాహిత్యం స్వీకరించడం వింత కాదు. స్వీకరించకపోవడమే విమర్శకు అందవలసిన విషయం.

గోపీచంద్ నవలలో సీతారామారావు పతనానికి కారణాల వరుస ఉంది: వంశప్రతిష్ఠ గురించి తండ్రి నాటిన భావం, ఆస్తి కరిగిపోవడం, సంసారంలో కలిగిన కటుత్వం, తనను తాను సమర్థించుకొనే తర్కం. అతనికి వైద్యపరమైన వ్యాధి పేరు అంటగట్టడం విమర్శ చేయదగిన పని కాదు. గమనించవలసినది కథన దృష్టి. పాత్ర మనసులోకి ఎంత లోతుగా దిగినా, తీర్పు ప్రథమపురుష కథకుని చేతిలోనే ఉంటుంది. ‘అసమర్థుడు’ అన్న మాట శీర్షికలోనే ఆ తీర్పును ప్రకటిస్తుంది. సుందరం ఎదుగుదలను చిత్రించిన కుటుంబరావు ‘చదువు’లోనూ బాల్యకౌమారాలు కాలపు చరిత్రకు అద్దం పడతాయి, చూసే చూపు మాత్రం పెద్దవారిదే. నవీన్ ‘అంపశయ్య’ (1969) విద్యార్థి చైతన్యాన్ని ఒక్క రోజు పరిధిలో లోపలినుంచి చూపి కొత్త దారి వేసింది. అయితే రవి అనుభవించే వేదనలో వాస్తవం మీద సందేహం లేదు. అతడు చూస్తున్నది ఉన్నదే.

ఆంగ్లంలో జోన్ గ్రీన్‌బర్గ్ 1964లో మారుపేరుతో ప్రచురించిన ‘ఐ నెవర్ ప్రామిస్డ్ యు ఎ రోజ్ గార్డెన్’ పదహారేళ్ల బాలిక చికిత్సను కథగా మలిచింది. నీల్ షుస్టర్‌మన్ ‘ఛాలెంజర్ డీప్’ (2015) మరింత ముందుకు వెళ్లింది. పదిహేనేళ్ల కేడెన్ ఒకవైపు ఇల్లు, బడి, వైద్యశాలల్లో ఉంటాడు. మరోవైపు సముద్రంలో అత్యంత లోతైన చోటికి సాగే ఓడలో ఉంటాడు. ఓడలోని మనుషులకూ వైద్యశాలలోని మనుషులకూ గల పోలిక పాఠకుడికి క్రమంగా తెలుస్తుంది. రచయిత కుమారుడు తన అనారోగ్యకాలంలో గీసిన బొమ్మలు ఇందులో ఉన్నాయి. ఈ నవల వ్యాధికి నైతిక కారణం వెతకదు. ముగింపులో సంపూర్ణ స్వస్థతనూ వాగ్దానం చేయదు. సీతారామారావు కథకూ దీనికీ అసలు భేదం ఇదే: అక్కడ పతనానికి లెక్క ఉంది, ఇక్కడ వ్యాధికి లెక్క లేదు.

ఇటువంటి కథనానికి తెలుగు అనువైనది కాదనే వాదన నిలవదు. ‘నేను విన్నాను’ అన్నప్పుడు వినడం వక్త చేసిన పని. ‘నాకు వినిపించింది’ అన్నప్పుడు వక్త ‘కు’ విభక్తిలోకి జరిగి, శబ్దమే కర్తృస్థానంలో నిలుస్తుంది. లేని గొంతులు వినే బాలుడి స్థితికి ఇంతకన్నా కచ్చితమైన వాక్యనిర్మాణం అవసరం లేదు. ‘వినిపించింది’ నుంచి ‘వినిపించినట్టు అనిపించింది’ వరకు జరిగే ప్రయాణమే అతడు కోలుకొంటున్న క్రమానికి గుర్తు కాగలదు. ‘అట’ అన్న ప్రత్యయం, తన గురించి ఇతరులు చెప్పినదాన్ని నమ్మీ నమ్మక తిరిగి చెప్పే స్వరాన్ని ఇస్తుంది. గొంతు ‘మనం’ అంటే బాలుణ్ణి తనలో కలుపుకొంటుంది. బాలుడు ‘మేము’ అంటే పాఠకుణ్ణి వెలుపల ఉంచుతాడు. ఆంగ్లానికి ఒక్కటే సర్వనామం ఉన్నచోట తెలుగుకు రెండున్నాయి. కాబట్టి కొరత భాషది కాదు, దృష్టిది.

ఆ దృష్టికి అడ్డుపడేది వాడుకలోని మాట. గాలి సోకిందనీ, దిష్టి తగిలిందనీ, మతి చలించిందనీ చెప్పే మాటలన్నీ చుట్టూ ఉన్నవారివి. బాధపడేవారి మాట వాటిలో లేదు. ఎర్రగడ్డ, చినవాల్తేరు అన్న ఊరిపేర్లు వైద్యశాలలను సూచించడం మాని ఎగతాళి మాటలయ్యాయి. బాపట్ల, రేపల్లె ప్రాంతంలో ఇంటర్మీడియట్ చదువుకని ఇల్లు విడిచి వసతిగృహంలో చేరిన పిల్లవాడు మొదటిసారి లేని గొంతు విన్నప్పుడు, దాన్ని చెప్పుకోవడానికి అతని చేతిలో ఉన్నవి ఈ పరిహాసపు మాటలే. చెప్పుకోలేని కాలం పెరిగినకొద్దీ చికిత్స ఆలస్యమవుతుంది. కౌమార నవల ఇక్కడ ఉపదేశం కాక పదజాలం ఇవ్వగలదు.

అందుకు పరాయి సముద్రపు ప్రతీకను దిగుమతి చేసుకోనక్కరలేదు. తెనాలి నుంచి బయలుదేరిన శాఖామార్గం రేపల్లెలో ఆగిపోతుంది. ఆ తర్వాత పట్టాలు లేవు. రేపల్లె దాటితే నిజాంపట్నం రేవు, బాపట్ల దాటితే సూర్యలంక తీరం. పట్టాలు ముగిసినచోట కూడా రైలు సాగుతూనే ఉందని నమ్మే బాలుడి కథకు ఈ భూగోళం చాలు. గోపీచంద్ అంతరంగంలోకి దిగడం నేర్పారు. కుటుంబరావు పిల్లలతో తేటగా మాట్లాడటం నేర్పారు. తీర్పును విడిచి ఆ రెండు విద్యలనూ ఒక్కచోట కలిపినప్పుడే ఈ వారసత్వం కౌమార పాఠకుడి దాకా చేరుతుంది.