నిరీక్షణ – ప్రకృతి: ‘ఎ లవ్ సాంగ్’ చిత్రంలో ఉద్దీపన విభావం

చంద్రోదయం, వసంతం, కోకిల కూజితం మొదలైన వాటిని మన ఆలంకారికులు శృంగారానికి ఉద్దీపన విభావాలుగా పేర్కొన్నారు. ఇద్దరు ఏకాకులు నిర్జన ప్రకృతిలో కలుసుకొనే చిత్రానికి ఈ సూత్రం ఎంతవరకు వర్తిస్తుంది? మ్యాక్స్ వాకర్-సిల్వర్‌మన్ తొలి కథాచిత్రం ‘ఎ లవ్ సాంగ్’ (2022) ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

అమెరికాలోని కొలరాడోలో, కొండల నడుమ ఒక సరస్సు ఒడ్డున ఫే (డేల్ డికీ) ఒంటరిగా విడిది చేసి ఉంటుంది. ఆమె వితంతువు. తనవలెనే జీవిత భాగస్వామిని కోల్పోయిన చిన్ననాటి స్నేహితుడు లీటో (వెస్ స్టూడీ) కోసం ఎదురుచూస్తుంటుంది. ప్రియజనుల మరణం వల్ల కలిగే శోకం కరుణానికి స్థాయి. పునస్సమాగమంపై ఆశ ఉంటే అది విప్రలంభం. ఫే మనఃస్థితిలో ఈ రెండూ విడదీయరానంతగా కలిసి ఉన్నాయి. ఆమె విడిది కింద తమ తండ్రి సమాధి ఉందని, దానిని మరోచోటికి మార్చుకోవాలని ఒక చిన్నారి, ఆమె అన్నలు వచ్చి అడుగుతారు. ఆమె గడువు కోరుతుంది. నిరీక్షణ సమాధి మీదనే సాగుతోందన్నమాట. అయితే ఈ సోదరుల పాత్రలను హాస్యం కోసం మరీ బొమ్మల్లా నిలబెట్టడం చిత్రంలోని సహజతకు కొంత భంగం కలిగించింది.

ఫే పగలు పక్షులను, రాత్రి నక్షత్రాలను పుస్తకాల సాయంతో గుర్తుపడుతుంది. ఇక్కడ ప్రకృతి భావాన్ని రగిలించదు, దినచర్యనిచ్చి నిలబెడుతుంది. లీటో వచ్చాక ఇద్దరూ గిటార్లు వాయిస్తూ పాడే ఘట్టంలో రతి వ్యక్తమవుతుంది. అక్కడ దానిని ఉద్దీపింపజేసింది సరస్సు కాదు, ఉమ్మడి జ్ఞాపకం. అయినా శోకం అడ్డుపడుతుంది; లీటో వెళ్ళిపోతాడు.

చిత్రం అక్కడితో ముగిసి ఉంటే అది విఫలప్రణయగాథ మాత్రమే అయ్యేది. కాని ఫే ఆ తరువాత ఒంటరిగా కొండ ఎక్కుతుంది. ఇంతకాలం నేపథ్యంగా చూసిన కొండపై ఇప్పుడు ఆమె నడుస్తుంది. ప్రకృతి ఉద్దీపన స్థానం నుంచి ఆలంబన స్థానానికి మారడం ఇక్కడి విశేషం.

కనుక రససూత్రం ఈ చిత్రానికి వర్తించదనడం తొందరపాటు. విభావాల స్థానాలు మారగలవని అంగీకరిస్తే, యౌవనం దాటిన ఏకాకుల కథలను చదవడానికి కూడా అది సమర్థమైన పరికరమే.