విద్యాపరిశోధనకు తూనిక ఎక్కడ?

కొత్త ఎరువు మంచిదా కాదా అని తేల్చదలచిన వ్యవసాయ శాస్త్రజ్ఞుడు రైతుల అభిప్రాయములతో తృప్తిపడడు. కొన్ని మళ్లకు ఎరువు వేయించి, కొన్నింటిని వేయక విడిచి, రెండింటి దిగుబడిని తూచి చూచును. విద్యాకళాశాలలలో జరుగు పరిశోధనకును ఈ తూనిక అవసరము.

ఎం.ఎడ్. విద్యార్థి పరిశోధన వ్యాసము వ్రాయవలెను. 2014 నాటి జాతీయ నిబంధనల వలన ఈ చదువు రెండేండ్లది అయినది. కాని పలు వ్యాసములు ప్రశ్నావళితో మొదలై ప్రశ్నావళితోనే ముగియుచున్నవి. ఉపాధ్యాయుల వైఖరి యెట్టిదో, విద్యార్థుల ఆసక్తి యెంతయో అవి చెప్పును. ఏ విధముగా బోధించినచో పిల్లలు ఎక్కువ నేర్తురో చెప్పవు. ఇది స్వల్ప లోపము కాదు.

మన బడులలోనే జరిగిన ఒక ప్రయోగమును దీనితో పోల్చవచ్చును. 2005లో అప్పటి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు దీనిని ఆరంభించిరి. 300 బడులను చీట్లు వేసినట్లు మూడు సమభాగములు చేసిరి. మొదటి 100 బడులలో పిల్లల మార్కులు పెరిగినకొలది ఒక్కొక్క ఉపాధ్యాయునికి విడిగా బహుమతి. రెండవ 100 బడులలో ఉపాధ్యాయులందరికి ఉమ్మడిగా బహుమతి. మూడవ భాగమునకు ఏమియు లేదు. రెండేండ్ల తరువాత బహుమతి ఉన్న బడుల పిల్లలు గణితములో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనముల మేర ముందుండిరి. అనగా, 100 మందిలో సరిగా నడుమనున్న పిల్లవాడు గణితములో సుమారు 60 మందిని మించినట్లు. బహుమతి లేని విజ్ఞాన, సాంఘిక శాస్త్రములలోను పిల్లలు మెరుగుపడిరి.

ఇందలి బలము బహుమతిలో లేదు, పోలికలో ఉన్నది. ఒకే బడిలోని రెండు సెక్షన్లను పోల్చినచో, ఉపాధ్యాయుని నేర్పే పద్ధతి గొప్పతనముగా కనిపింపవచ్చును. నూరేసి బడులను చీటీతో ఎన్నుకొనినపుడు అట్టి భేదములు ఇరువైపుల ఇంచుమించు సమముగా చేరును. అయినను ఆ ప్రయోగము అడిగిన ప్రశ్న ప్రోత్సాహకమును గూర్చినది. బోధనను గూర్చినది కాదు. బోధనను గూర్చి అడుగవలసినవి విద్యాకళాశాలలే.

అట్టి ప్రశ్నలకు కొదువ లేదు. 2016లో ఏర్పడిన మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో ఇంట లంబాడీ, కోయ మాటలాడు పిల్లలు బడిలో తెలుగును ఎదుర్కొనుచున్నారు. 2004లోనే నాటి రాష్ట్రమున కోయ, బంజారా మొదలగు 8 గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ఆరంభమైనది. తీసివేత లెక్క తప్పిన పిల్లవానికి రానిది లెక్కయా, ప్రశ్నలోని భాషయా? అదే లెక్కను రెండు భాషలలో అడిగి చూచినచో తెలియును. వానకు ఎదురుచూచు జనగామ పల్లెలలో భూగర్భజల పాఠమును నల్లబల్లపై చెప్పుట మేలా, ఊరి బావుల నీటిమట్టమును పిల్లలచే నెలనెల కొలిపించుట మేలా? దీనిని ఉన్నత పాఠశాలలలోనే పరీక్షింపవచ్చును.

సగము బడులకు మేలైన పద్ధతిని దూరము చేయుట న్యాయమా యని కొందరు అడుగుదురు. మేలైనదని తేలిన తరువాత కదా ఆ ప్రశ్న! తేలినచో మరుసటి ఏడు మిగిలిన బడులకును అందింపవచ్చును. ఫలితము ప్రతికూలమైనను దాచక ప్రకటింపవలెను. పనికిరాని పద్ధతి ఏదో తెలియుటయు జ్ఞానమే. దిగుబడిని తూచని పొలమున ప్రతి ఎరువును మంచిదే!