హాగరు తిరిగి వెళ్ళిన ఇల్లు: స్త్రీవాదములో ‘బాధితురాలు’, ‘సాధికార స్త్రీ’ అను వాదములపై ఒక పరిశీలన

2020 జులై చివరి రోజులలో ప్రకాశం జిల్లా కురిచేడులో పదిమందికి పైగా శానిటైజర్‌ను మద్యమునకు బదులుగా త్రాగి మరణించారు. కరోనా కట్టడి వలన అక్కడి మద్యం దుకాణములు అప్పుడు మూతపడి ఉన్నవి. అటువంటి ఇండ్లలో మిగిలిన స్త్రీలను గూర్చి సంఘము ఏమి పలుకవలెను? ఈ ప్రశ్నతోనే స్త్రీవాదములోని ఒక వివాదమును పరిశీలించదలచితిమి.

1993లో నయోమి వుల్ఫ్ ‘ఫైర్ విత్ ఫైర్’ అను గ్రంథములో, స్త్రీని ఎల్లప్పుడు దెబ్బతిన్నదానిగానే చూపుటను ‘బాధిత స్త్రీవాద’మని విమర్శించి, ‘శక్తి స్త్రీవాదము’ను ప్రతిపాదించారు. అది ఇదివరకే కలిగినవారికి అనుకూలమైన వాదమని నల్లజాతి రచయిత్రి బెల్ హుక్స్ ఆక్షేపించారు. ఆమె ఆక్షేపణ సరైనదే. కూలి డబ్బు చీకటి పడకముందే సారా కొట్టుకు చేరే ఇంటిలో, శక్తిని ఎంచుకొమ్మని చెప్పుట సులువైన మాట.

అయితే ఆ ఇంటి స్త్రీ కేవలము బాధితురాలా? మన పొరుగు జిల్లా నెల్లూరులోని దూబగుంట కాదంటున్నది. అక్షరాస్యతా తరగతులలో కూర్చున్న స్త్రీలు తమ ఊరి సారా దుకాణమును మూయించారు. 1992లో ఆ జిల్లాలో సారా వేలం పాటలను స్త్రీలు అడ్డుకున్నారు. వారు తమ దెబ్బలను దాచలేదు. కాని జాలి కొరకు చూపనూ లేదు. తమ కన్నీటికి కారణము మగని దుర్గుణము ఒక్కటే కాదనియు, పల్లెకు సారాను పంపి దానిపై ఆదాయము తీసుకొనే ప్రభుత్వము కూడా అనియు నిరూపించుటకు ఆ దెబ్బలనే సాక్ష్యముగా పెట్టారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధింపబడినది. ఈ స్త్రీని ప్రతి పక్షము తన అచ్చులోనే పోసుకున్నదని సూసీ తారు, తేజస్విని నిరంజన తమ వ్యాసములో చూపారు. కొందరికి ఆమె భర్త చేతిలో దెబ్బలు తిన్న భార్య, మరికొందరికి నీతిని నిలిపే తల్లి. ఆమె చేసినది రాజకీయ వాదమని గుర్తించినవారు తక్కువ.

తరువాతి కథ మనమెరిగినదే. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలినది. 2019 తరువాతి ప్రభుత్వము స్త్రీలకిచ్చిన మాటగా దశలవారీ నిషేధమును చెప్పి, ధరలు పెంచినది. 2024 అక్టోబరులో దుకాణములు మరల ప్రైవేటువారి చేతికి వచ్చినవి. స్త్రీలు చేసిన వాదము స్త్రీలకిచ్చే వరముగా మారినప్పుడు, వారు మరల వేచియుండువారే అయ్యారు.

ఇక మన బోధ విషయము. ఫిలిస్ ట్రిబుల్ 1984లో హాగరు వృత్తాంతమును బైబిలులోని భయంకర గాథలలో ఒకటిగా చదివారు. డెలోరస్ విలియమ్స్ 1993లో దానిని వేరొక విధముగా చదివారు: హాగరుకు దొరకినది విమోచన కాదు, బ్రదుకుటకు ఒక దారి. మాకు విలియమ్స్ పఠనము ఎక్కువ నమ్మదగినదిగా తోచుచున్నది, అయినను అందులో ఒక అపాయమున్నది. శారయి యొద్దకు తిరిగి వెళ్ళుమన్న ఆజ్ఞ (ఆదికాండము 16:9), దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన కోడలిని తిరిగి పంపుటకు మన కాపరుల చేతిలో ఎంత అనువైన వచనము! పెద్దలు, చుట్టాలు, కాపరి కలిసి నచ్చజెప్పే ఆ సాయంత్రములను ఎరుగనివారు మనలో లేరు. విలియమ్స్ మాత్రము ఆ ఆజ్ఞను స్వాతంత్ర్యమనలేదు. గర్భవతికి అరణ్యములో అప్పటికి వేరే ఆధారము లేదు. అక్కడ ఆజ్ఞ పొందినది ఒక దాసి; అది భార్యలందరికి నియమము కాదు.

మన సంఘములలో సాక్ష్యముల సమయమున జయము పొందినవారే ముందుకు వస్తారు. ఇంకను పొందనివారు వెనుక చాపమీద తలవంచుకొని ఉంటారు. వారి కొరకు ప్రార్థన చేస్తాము గాని వారిని మాట్లాడమని అడుగము. హాగరైతే జయమునకు ముందే మాట్లాడినది. పారిపోయిన దాసిగా, నీటి ఊట యొద్ద, తన్ను చూచిన దేవునికి తానే పేరు పెట్టినది (16:13). ఆ సమయమున ఆమె వీపు మీది దెబ్బలు మానలేదు, ఇల్లు మారలేదు, శారయి మారలేదు.