రేపల్లె బండిలో కుదురు

పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీ అనగానే తాళాలు పారేసుకోవడం, కరెంటు బిల్లు మర్చిపోవడం, ఎదుటివాళ్ల మాటకు అడ్డం పడటం చెబుతారు. అవీ ఉన్నాయి, కాదనను. కానీ నా రోజును తినేసేవి వేరే. చొక్కా మెడ వెనక గుచ్చుకునే లేబులు. ట్యూబులైటు చోకు చేసే రొద. పక్కింటి మిక్సీ. ఇవి అందరికీ వినబడేవే, తగిలేవే. కాసేపటికి వాళ్లు మర్చిపోతారు. నాకు మాత్రం మనిషి మాట, ఫ్యాను కిర్రు, పోపు ఘాటు అన్నీ ఒకే జోరున మీద పడతాయి. అందులోంచి మాటను ఏరుకునేసరికి సగం ఓపిక హరీ.

మొన్న బాపట్లలో చుట్టాల పెళ్లి. నా కుర్చీ పక్కనే స్పీకరు. గట్టిమేళం అనగానే డోలు, దాని మీద మైకు, మొహం మీద వీడియో లైటు, మల్లెపూలు, సెంటు, సాంబారు కలిసిన వాసన. అక్షింతలు వేసి బయటికొచ్చేశాను. పిన్ని వెనకాలే వచ్చింది.

"ఏంట్రా, అలిగావా?"

"లేదు పిన్నీ, ఆ మైకు..."

"మైకు లేకపోతే పెళ్లేంట్రా!"

ఆవిడన్నదీ నిజమే.

హాయిగా ఉంటుందని బావ పక్కనే ఉన్న సూర్యలంక తీసుకెళ్లాడు. సముద్రం బాగుంది. వేళ్ల సందుల్లో తడి ఇసుక, మెడ మీద ఉప్పు జిడ్డు, చెవుల్లో తెరలుతెరలుగా గాలి. అతను అలలు చూస్తుంటే నేను కాళ్లు దులుపుకుంటూ కూర్చున్నాను.

అదే తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కానా, పుస్తకం కదుల్తుంది. వేమూరు, భట్టిప్రోలు దాటేదాకా తల ఎత్తను. అదేమీ నిశ్శబ్దం కాదు, చక్రాల మోత, పల్లీలమ్మే కేక, జనం. కానీ మోత ఒకే తీరున సాగుతుంది, ఉన్నట్టుండి ఎగిరిపడదు. స్వీడన్‌లో గోరాన్ సోడర్‌లుండ్ బృందం 2007లో ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు ఒకే తీరు హోరు వినిపిస్తూ జ్ఞాపక పరీక్ష పెడితే వాళ్లు మెరుగయ్యారు, మిగతా పిల్లలు తడబడ్డారు. అది పిల్లల సంగతే అయినా, నా బండి ప్రయాణానికి అంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు. అందుకే 'కళ్లు మూసుకుని ప్రశాంతంగా కూర్చో' అనేవాళ్లంటే నాకు ఒళ్లుమంట.

డాక్టర్ల పుస్తకంలోనూ ఈ బాధకు చోటు తక్కువ. అమెరికా మనోవైద్యులు 2013లో తెచ్చిన డీఎస్ఎం-5, ఆటిజం లక్షణాల్లో చప్పుళ్లు, స్పర్శల ఇబ్బందిని చేర్చింది. ఏడీహెచ్‌డీ లక్షణాల్లో చేర్చలేదు. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం లెక్కపెట్టిన 21 వైకల్యాల్లో అసలు ఏడీహెచ్‌డీయే లేదు. కాబట్టి ఆఫీసులో 'నాకు చప్పుడు పడదు' అంటే చూపించడానికి కాగితం ఉండదు.

ఉన్నంతలో సర్దుకుంటున్నాను. కొత్త చొక్కా రాగానే బ్లేడుతో లేబులు కోసేస్తాను. కూరగాయలకు తెల్లారకముందే పోతాను. పెళ్లిళ్లలో చెవుల్లో దూది, మొహమాటం లేకుండా. ఆఫీసులో జబ్బు పేరు ఎత్తలేదు, నెత్తి మీద లైటు చోకు మోగుతోందన్నాను, అంతే. మర్నాటికి ఎల్‌ఈడీ బిగించారు. పక్క సీటాయన కూడా తనకు తలనొప్పి తగ్గిందన్నాడు.